ఆరని ఎండ

బొమ్మలు నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వచ్చినవాళ్లంతా మొదట అడిగేది ఒకే మాట, "అవ్వా, నీకు ఎవరు నేర్పించినారు?" అని. ఒక దొరసాని నేర్పింది అంటాను. అది నిజమే, కానీ సగం నిజం. తక్కినది ఒక గిన్నెడు నువ్వుల నూనె నేర్పింది, ఒక తడి గోనెపట్ట నేర్పింది. ఆ మాటకు నవ్వుతారు. నేను విడమరిచి చెప్పేలోపు వాళ్ల బస్సుకు వేళవుతుంది. అందుకని ఈసారి కూర్చుని మొత్తం చెబుతున్నాను, ఎదురింటి అమ్మాయి రాస్తోంది. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు, సంతకం వచ్చు, అంతకు మించి రాదు. నా గొంతు బొంగురు. రాతలో అది వినపడదు కాబట్టి ఈ పద్ధతే నాకు మేలు.

నంద్యాలలో జిన్నింగు మిల్లులో పనిచేసే నా మొగుడు జ్వరం వచ్చి పోయినప్పుడు నాకింకా ఇరవై నిండలేదు. పిల్లలు లేరు. అత్తకు నేను, నాకు అత్త. మిషన్ కాంపౌండులో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే దొరసాని ఒకామె ఉండేది. నడివయసు దాటిన మనిషి, ఎండకు ఆమె ముక్కు ఎప్పుడూ ఎర్రగా కాలి ఉండేది. ఆమెకు బొమ్మల పిచ్చి. నూనె రంగులతో వేసేది. అదీ గదిలో కూర్చుని కాదు, బయట, తెల్ల గొడుగు ఒకటి నేలలో పాతుకుని దాని కింద నిలబడి. వేసేది దేవుళ్లనా, రాజులనా? కాదు. ఎండలో మండుతున్న గోడలను, ఆ గోడల పక్కన కూర్చున్న మామూలు మనుషులను. కాంపౌండులో అందరికీ అది వింతే. కుంచెలు కడిగే మనిషి కిరసనాయిలు వాసనకు తల తిరుగుతోందని మానుకుంటే ఆ పని నాకు వచ్చింది. గొడుగు మోయాలి, రంగుల పెట్టె మోయాలి, అడిగింది అందించాలి. ఇదీ నా ఉద్యోగం.

ఆమె తెలుగు ఎవరో పండితుని దగ్గర పుస్తకాలు పెట్టి నేర్చుకున్న తెలుగు. "కుంచెను శుభ్రముగా కడుగుము" అనేది. మొదట్లో ఆమె నాతో మాట్లాడుతోందో, ప్రార్థన చదువుతోందో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు పొద్దున కుట్టుబడి గోడను వేస్తూ ఉన్నట్టుండి నన్ను అడిగింది.

"ఆ గోడ ఏ రంగు?"

"తెలుపమ్మా. మొన్ననే సున్నం కొట్టినారు."

"నీడలో ఉన్న భాగము?"

"అదీ తెలుపే. ఒకటే గోడ గదా."

"నీకు తెలిసినది చెప్పుచున్నావు. కనబడినది చెప్పుము."

నాకు కోపం వచ్చింది. కనపడకనే చెబుతున్నానా? ఆమె ఒక అట్టముక్క తీసి, నడుమ శనగగింజ పట్టేంత చిల్లు పొడిచి నా చేతికిచ్చింది. ఒక కన్ను మూసుకుని ఆ చిల్లులోంచి గోడ నీడను చూశాను. గోడ లేదు. తెలుపు లేదు. ఉతికిన బట్టలకు పెట్టే నీలిమందు నీళ్లు ఉంటాయే, ఆ రంగు చుక్క ఒకటి అక్కడ నిలబడి ఉంది. అట్టను ఎండ పడే వైపు జరిపాను. అక్కడా తెలుపు లేదు. వెన్న కాగేటప్పుడు పైకి తేలే పసుపు.

"అమ్మా, గోడ యాడికి పాయ?" అన్నాను.

ఆమె నవ్వి తన పనిలో పడింది. నా పని మాత్రం ఆ రోజుతో చెడింది. అట్టముక్క ఆమెది, అందుకని నేను ఒక మోదుగాకుకు చిల్లు పెట్టుకున్నాను. ఇంటికి పోయే దారి పొడుగునా దాంట్లోంచి చూసుకుంటూ పోయేదాన్ని. నల్లరేగడి నేల ఎండలో నలుపు కాదు. జొన్నచేను పచ్చ కాదు. నా చేతినే ఎండకు అడ్డం పెట్టి చూస్తే వేళ్ల అంచులు ఎర్రగా మండుతున్నాయి. ఏది చూసినా అది కాదు. నాకు నిద్ర కూడా పట్టేది కాదు, ఎప్పుడు తెల్లవారుతుందా, ఇంకా ఏమేమి అబద్ధమో చూద్దామా అని.

అత్త ఊరుకుంటుందా?

"ఏమ్మే, ఆకులో ఏందీ చూస్తాండావ్? తిక్కగాన పట్టిందా?"

"అత్తా, మన బర్రె వీపు నీలంగా ఉండాది."

"నల్లబర్రె నీలంగా ఉండేది ఏందీ?"

"దాని మీద ఆకాశం పడతాంది. కావాలంటే నువ్వే చూడు."

అత్త ఆకు లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. తిరిగి నా చేతిలో పెట్టి, "ఎవురితోనూ అనొద్దు. పాలు పోయించుకోరు" అంది.

అట్లా, దొరసాని మిగిల్చిన రంగులతో, పనికిరాని అట్టముక్కల మీద నేను కూడా గోడలు వేయడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. వేసిన ప్రతిదాన్నీ తలకిందులు చేసి చూసేది, ఎండ ఉందా లేదా అని. చాలావాటిలో ఉండేది కాదు. మనుషులను ఎప్పుడు వేయనిస్తావమ్మా అంటే, "గోడ నీ మాట వినిన తరువాత" అనేది.

అవి యుద్ధం రోజులు. ఇంగ్లండు సీమ నుంచి రంగులు రావడం ఆగిపోయింది. ఉన్న గొట్టాలనే రొట్టెల కర్రతో ఒత్తి, చివరికి కత్తిరించి లోపల గీకి వాడుకునేవాళ్లం. రంగులో కలిపే నూనె కూడా అయిపోతే ఆమె ఊళ్లోనే గానుగలో అవిసె నూనె ఆడించి, గాజుసీసాలో పోసి ఎండలో పెట్టింది, తేటపడాలని. అవిసె నూనె గాలికి ఆరి, పొర కట్టి, రంగును పట్టుకుంటుంది. అన్ని నూనెలకూ ఆ గుణం ఉండదు. ఇది ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు నాకు తెలియదు. నూనె అంటే నూనే అనుకున్నాను.

ఆళ్లగడ్డ పని వచ్చింది అప్పుడే. మిషన్ వాళ్లు అక్కడ ఒక రాతి బడి కట్టించారు. కూలినాలి చేసుకునే కుటుంబాలు రాళ్లు మోశాయి. గోడలు లేపింది ఒక ముసలి మేస్త్రి. బడి పూర్తయ్యాక వాకిలి పక్కన ఒక నున్నని బండ మీద పేర్లు చెక్కించి గోడలో పెట్టారు. విరాళాలు ఇచ్చినవాళ్ల పేర్లు ఉన్నాయి, మొదటి రాయి వేసిన మిషన్ పెద్దదొర పేరు ఉంది. మేస్త్రి పేరు లేదు. ఆ బండను గోడలో కుదిర్చి చుట్టూ సున్నం మెత్తింది కూడా ఆయన చేతులే. ఊళ్లో వాళ్లకు ఇది కష్టంగా తోచింది గానీ పెద్దదొరతో ఎవరు చెబుతారు?

ఈ సంగతి దొరసాని చెవిన పడింది. మిషన్ వాళ్ల పంటకోత పండగనాడు బడిలో ఒక పటం తగిలించాలనుకుంటున్నారు కదా, అది తాను వేస్తానని, బడి ముందు మేస్త్రి కూర్చున్నట్టు వేస్తానని పెద్దదొరను అడిగింది. ఆయన సరేనన్నాడు, ఒక మెలిక పెట్టి. పండగ నాటికి సిద్ధం కాకపోతే బడి ఫోటో ఒకటి ఉంది, దాన్ని కట్టించి తగిలిస్తాం అన్నాడు. ఆ ఫోటోలో గోడలు మాత్రమే ఉన్నాయి. మనిషి లేడు. అంటే పండగలోపల బొమ్మ అయితే మేస్త్రి ఆ బడిలో ఉంటాడు, కాకపోతే లేడు.

నంద్యాల నుంచి బొగ్గు బస్సులో పోయాం. పెట్రోలు దొరక్క బస్సు వెనుక బొగ్గుల పొయ్యి తగిలించిన కాలం అది. ఎత్తు వచ్చినచోటల్లా కండక్టరు దిగమనేవాడు. దొరసాని కూడా పావడా ఎత్తిపట్టుకుని అందరితో పాటు దిగి నెట్టింది. ఆళ్లగడ్డ చేరేసరికి తెల్ల గొడుగు ఒక్కటే తెల్లగా ఉంది, మేమిద్దరం బొగ్గు మనుషులం.

బడి అయ్యవారి ఇంట్లో దిగాం. పొద్దున్నే ఎండ ఒక వాలుగా పడి, రాతిగోడ తేనె పూసినట్టు వెలిగే సమయం ఒకటి ఉంది. అప్పుడే వేయాలి. గోడ నీడ అంచు నేల మీద ఎక్కడుందో దొరసాని బండ మీద బొగ్గుతో ఒక గీత గీసింది. నీడ ఆ గీత దాటితే కుంచె కింద పెట్టేయాలి, ఎండ మారిపోయినట్టు లెక్క. బడి మూలన పరిచిన నాపబండ మీద మేస్త్రి తాత తలపాగా చుట్టుకుని కూర్చునేవాడు, గోడ నిటారు చూసే గుండు దారం చేతిలో పట్టుకుని.

"కదలకుండా కూర్చునేదానికి నేనేం రాయినా?" అని రోజూ ఒకసారి అడిగేవాడు. "ఇంతసేపటికి రెండు వరసలు లేపుతుంటి."

ఒకరోజు ఎండ బాగా ముదిరింది. రంగు పలక మీదనే బిగుసుకుంటోంది. దొరసాని గోడ మీది నుంచి చూపు తిప్పకుండా చేయి వెనక్కు చాచింది.

"మంచి నూనె తెమ్ము."

పెట్టెలో చూశాను. రెండు సీసాలున్నాయి, పాతది మడ్డి పట్టింది ఒకటి, కొత్తది తేటగా ఉన్నది ఒకటి. ఆమె అడిగింది ఆ తేటదాన్ని అని ఇప్పుడు మీకు వెంటనే తెలిసిపోతుంది. కానీ మా వైపు మంచినూనె అంటే ఒకటే. నువ్వుల నూనె. దాని పేరే అది. పుట్టినప్పటి నుంచి ఆ పేరుతోనే తిన్నాం, తలకు రాసుకున్నాం. రెండు సీసాల్లో ఉన్నదీ అవిసె నూనె కదా, ఈమెకు మంచినూనె కావాలంటోంది కదా అని అయ్యవారి ఇంటికి పరుగెత్తాను.

"అక్కా, దొరసానికి మంచినూనె కావాలంట."

అయ్యవారమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. "దేనికి? తలకా?"

"బొమ్మకు."

"బొమ్మకు గూడా తలంటుతారా?" అంటూ గిన్నెడు పోసిచ్చింది.

దొరసాని చూడకుండానే కుంచె ముంచింది. రంగు వెన్నలాగా జారింది. "ఇది చాలా మంచి నూనె!" అంది. "అవునమ్మా, మంచినూనే" అన్నాను. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం.

మేస్త్రి తాత ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. "యాడనో పచ్చడికి తాలింపు ఏస్తాండారు. నాకు ఆకలైతాంది."

ఆ నూనెతోనే ఆమె ఎండ పడిన గోడంతా వేసింది. తాతను కూడా తలపాగా నుంచి పాదాల దాకా వేసింది. ఆమె అంతకు ముందు వేసిన వాటిలో అంత బాగా వచ్చింది నేను చూడలేదు. ఆరడానికి బడి గదిలో గోడకు ఆనించి నంద్యాల వెళ్లిపోయాం. పండగ దగ్గర పడ్డాక ఒకసారి వచ్చి అక్కడక్కడ సరిచేస్తే చాలు అనుకున్నాం.

వచ్చేసరికి అయ్యవారు గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. "అమ్మా, మేం ఎవురం ముట్టుకోలేదు" అన్నాడు ముందే.

కిటికీ నుంచి చీమల బారు ఒకటి గోడ దిగి, చట్రం ఎక్కి, తాత తలపాగా దాకా పోతోంది. గోడకు దుమ్ము పట్టింది. తాత ముక్కు మీద ఈగ అంటుకుని గింజుకుంటోంది. దొరసాని వేలు పెట్టి చూసింది. పెట్టిన నాడు ఎంత పచ్చిగా ఉందో అంతే పచ్చిగా ఉంది.

మేస్త్రి తాత దగ్గరికొచ్చి వాసన చూశాడు. "ఇది మంచినూనె గదమ్మా."

"అవును. మంచి నూనెయే వాడితిని."

"అదే నేను గూడా చెప్పేది. మంచినూనె."

"మంచిదైన యెడల ఆరవలెను కదా!"

"మంచినూనె యాడన్నా ఆరతాదా?"

వాళ్లిద్దరూ అట్లా ఎంతసేపు వాదించుకునేవారో. నాకు అప్పుడు వెలిగింది. "అమ్మా, అది నువ్వులది. మంచినూనె తెమ్మంటిరి గదా" అన్నాను.

దొరసాని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "నువ్వుల నూనె పొర కట్టదు" అంది. కొంచెం ఆగి, "నా పండితుడు ఈ మాట నాకు చెప్పలేదు" అంది. ఆమె భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ బొమ్మ వైపు చూసినప్పుడు మాత్రం నవ్వు లేదు.

గీకేయడం తప్ప దారి లేదు. గోడను తనే గీకింది. తాత దగ్గరికి వచ్చేసరికి కత్తి నా చేతికిచ్చి బయటికి వెళ్లిపోయింది. నేను గీకుతుంటే తాత పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"నిదానంగా పాపా," అన్నాడు. "గడ్డం నొప్పెడతాంది."

ఎంత గీకినా చట్రం అంచున కత్తి చేరని చోట సన్నని పట్టీ ఒకటి మిగిలిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఆ పటానికి దుమ్ము తుడవడానికి పోయినప్పుడు అక్కడ వేలు పెట్టి చూశాను. వేలికి అంటింది. దొరసాని మొదటిసారి వేసిన ఎండ, ఇంకా ఆరలేదు.

మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి సరైన నూనెతో, అది కూడా చుక్కలు చుక్కలుగా, త్వరగా ఆరాలని. దొరసాని పొద్దున్నే లేచి గోడంతా తిరిగి వేసింది. ఇంక తాత ఒక్కడే మిగిలాడు అన్నప్పుడు ఆమెకు చలిజ్వరం తగులుకుంది. కంబళ్ల మీద కంబళ్లు కప్పినా మంచం ఊగేంత వణుకు. పండగ దగ్గరికొచ్చేసింది. అయ్యవారు తలుపు దగ్గర నిలబడి మెల్లగా అడిగాడు, "అమ్మా, ఆ ఫోటోకు చట్రం కట్టించమని చెప్పి పంపేదా?"

"వద్దు. ఈమె వేయును."

నేను ఎవరా అని వెనక్కు తిరిగి చూశాను. వెనుక గోడ ఉంది.

"నేనా? నేను మనిషిని ఎప్పుడూ వేయలేదు గదమ్మా!"

"మనిషిని వేయకుము," అంది, పళ్లు టకటకా కొట్టుకుంటుండగా. "మనిషి మీద ఎండను వేయుము. ముఖము తనంతట వచ్చును."

మర్నాడు పొద్దున గొడుగు నేనొక్కదాన్నే పాతాను. తాత వచ్చి అటూ ఇటూ చూశాడు.

"అమ్మ యాడ?"

"జరం. నేనే వేస్తాండా."

"నువ్వా?" గడ్డం గోక్కున్నాడు. "మొన్ననే గదా నన్ను గీకేస్తివి."

"ఇప్పుడు మళ్లీ పెడతా. కూర్చో తాతా."

"కూర్చుంటా గానీ ముక్కు సక్కగా పెట్టు. మా ఇంటిది నా ముక్కు చూసే పెండ్లికి ఒప్పుకునింది."

తలపాగాతో మొదలుపెట్టాను. తెల్ల తలపాగా కదా అని తెలుపు పెట్టాను. తల మీద సున్నపు ముద్ద పెట్టినట్టు అయింది. గుడ్డతో తుడిచేశాను. ముఖానికి వచ్చాను. నల్లని మనిషి, పైన తలపాగా నీడ, అందుకని ముదురు రంగు దట్టంగా పెట్టాను. కాలిన కట్టె. అదీ తుడిచేశాను. నీడ బొగ్గు గీత వైపు నడుస్తోంది. ఈ పొద్దు పోతే రేపటి పొద్దు ఉంది, ఎల్లుండి లేదు.

అప్పుడు నాకు నా మీదే విసుగొచ్చింది. ఏడాది పొడుగునా బర్రెల్ని, గోడల్ని చిల్లులోంచి చూసినదాన్ని, ఈరోజు తెలుపు, నలుపు అని నాకు తెలిసినదే పెడుతున్నానే! అట్టముక్క తీసి కంటికి పెట్టుకున్నాను.

గడ్డం కింద చూశాను, అన్నిటికన్నా చీకటి అక్కడే ఉండాలి కదా అని. చీకటి లేదు. చల్లారబోయే ఇనుము రంగులో ఒక వెలుగు ఉంది. ఎండ పైనుంచి వస్తుంటే గడ్డం కింద వెలుగేంది?

"తాతా, గడ్డం కింద ఏమన్నా పెట్టుకున్నావా?"

"ఏం పెట్టుకుంటా? గడ్డమే ఉండాది."

చుట్టూ చూశాను. ఆయన ముందర నాపబండలు, వాటి మీద ఎండ. ఒక అనుమానం వచ్చింది. నీళ్లకుండ మీద కప్పిన తడి గోనెపట్ట తెచ్చి ఆయన కాళ్ల ముందు బండ మీద పరిచాను. వెనక్కొచ్చి చిల్లులోంచి చూశాను.

"ఆరిపాయ!" అని అరిచాను.

"ఏం ఆరిపాయ? ఇంగా పచ్చిగానే ఉండాదే" అన్నాడు తాత, బొమ్మ వైపు చూస్తూ.

గోనెపట్ట లాగేశాను. వెలుగు మళ్లీ వచ్చింది. పరిచాను, పోయింది. తీశాను, వచ్చింది. తాతకు ఉండబట్టలేదు. "ఏందీ ఆట?" అని లేచి వచ్చాడు. నన్ను తన చోట కూర్చోబెట్టి, అట్ట తను తీసుకుని, కాలితో గోనెపట్టను లాగుతూ తోస్తూ చూశాడు.

"అరె! నీ మొగం కింద దీపం పెట్టినట్టుండాది పాపా."

"బండ తాతా. ఎండ దాని మీద పడి మళ్లా పైకి లేస్తాంది."

"ఈ బండ నేనే పరిచినా," అన్నాడు. దాన్ని కొత్తగా చూస్తున్నాడు. "ఇది ఇట్ల గూడా చేస్తాదని నాకెవురూ చెప్పల్యా." భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. నా ముఖం ఇంకా వెలిగిందట. ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. మేమిద్దరం ఆ ఆటలో పడి, నేను తల తిప్పి చూసేసరికి నీడ బొగ్గు గీతకు జానెడు దూరంలో ఉంది.

"తాతా, బేగ కూర్చో! తువ్వాలు తీసెయ్యి, నాకు బండే కావాల."

ఇంక కళ్లు, కనురెప్పలు, మీసాలు పెట్టే వ్యవధి ఎక్కడిది? అతుకులు వేసినట్టు వేసుకుంటూ పోయాను. తలపాగా ఎండవైపు వెన్న కాగిన పసుపు. నీడవైపు నీలిమందు. తలపాగా కింద నుదురు, చెంప అల్లనేరేడు పండు రంగు. ముక్కు ఎముక మీద ఒకే ఒక మెరుపు. గడ్డం కింద బండ పంపిన ఆ ఎర్రని వెలుగు. మోకాలి మీద ఎండ. చేతిలో గుండుకు ఒక చుక్క. నీడ గీతను తాకింది. కుంచె కింద పెట్టి వెనక్కి నడిచాను.

అక్కడ ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కళ్లు పెట్టలేదు, అయినా నన్ను గదమాయిస్తున్నట్టే చూస్తున్నాడు.

"ముక్కు పెట్టినావా?" అన్నాడు అసలు తాత.

"పెట్టలేదు తాతా. ముక్కు మీద ఎండ పెట్టినా."

ఆయన వచ్చి చూసి, "అది చాల్లే" అన్నాడు.

బొమ్మను దొరసాని మంచం దగ్గరికి మోసుకుపోయాం. కంబళిలోంచి ముఖం మాత్రం బయటపెట్టి చాలాసేపు చూసింది. "గడ్డము క్రింద ఈ రంగు నేను నీకు చెప్పలేదు" అంది.

"లేదమ్మా. బండ చెప్పింది."

కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "మంచిది" అంది. నూనె నాటి ఆ 'మంచి' మాట మళ్లీ వినగానే ఒక్క క్షణం నాకు భయం వేసింది.

పండగనాడు బడి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. పటం గోడకు ఎక్కింది. ఇంకా కొంచెం పచ్చిగానే ఉందని అయ్యవారమ్మ చీపురు పట్టుకుని కింద కాపలా నిలబడింది. పెద్దదొర వచ్చి గోడను మెచ్చుకున్నాడు, ఎండను మెచ్చుకున్నాడు. "ఈ కూర్చున్నది ఎవరు?" అన్నాడు.

"ఈ బడి కట్టిన మేస్త్రి అయ్యా" అన్నాడు అయ్యవారు. ఆ మాట ఆ గోడల మధ్య గట్టిగా అనడం అదే మొదలు.

అందరూ వెనక్కు తిరిగారు. తాత ఎక్కడో చివర నిలబడి ఉన్నాడు. జనం దారి ఇచ్చారు. పటం ముందుకు వచ్చి, గోడ నిటారు చూసేటప్పుడు చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. తల వంచి చూశాడు. కోళ్లు మాత్రం అరుస్తూనే ఉన్నాయి.

"అంతా బాగుండాది," అన్నాడు. "ఒకటే తప్పుండాది."

నేను పటం దగ్గరికి జరిగితే ఆయన వేలు చాపి బడి మూలను చూపించాడు.

"నేను ఆ మూలకు అడ్డం కూర్చునేసినా. ఆడ మూలరాయి ఉండాది. దాన్ని తెచ్చేటప్పుడు బండి ఇరుసు ఇరిగిపాయ. దాన్ని చెక్కి నిలబెట్టేదానికి నా పాణం పాయ. గోడంతా దాని మీదనే ఉండాది. అది కనపడకపాయ. నన్ను కొంచెం తగ్గించు పాపా."

జనం గొల్లుమన్నారు. నేను ఒప్పుకోలేదు. "తగ్గిస్తే నీ బుజం పోతాది తాతా. మొగం గూడా ఒక పక్క పోతాది."

"పోనీ. నా మొగం ఊర్లో అందరికీ తెలుసు. ఆ రాయి నాదని ఎవురికి తెలుసు?"

పెద్దదొర వాకిలి పక్కనున్న పేర్ల బండ వైపు ఒకసారి చూసి, చేతిలో టోపీని తిప్పుకుంటూ నిలబడ్డాడు.

మర్నాడు దొరసాని శాలువా కప్పుకుని కుర్చీలో వచ్చి కూర్చుంది. కుంచె ఇవ్వబోతే తీసుకోలేదు. "ఆయన నిన్ను అడిగెను. నన్ను కాదు" అంది. తాత భుజాన్ని తగ్గించాను. చెంపను తగ్గించాను. ఆ ఖాళీలో మూలరాయి పెట్టాను, ఎండ ముఖం ఒకటి, నీడ ముఖం ఒకటి, నడుమ పైనుంచి కిందికి ఒకే అంచు. తాత తన గుండు దారం తెచ్చి బొమ్మ ముందర వేలాడదీశాడు.

"పైన వెంట్రుకవాసి ఎడమకు పోయింది."

సరిచేశాను.

"ఆఁ. ఇప్పుడు నిలబడింది" అన్నాడు, గోడ గురించి.

యుద్ధం అయిపోయాక దొరసాని వాళ్ల దేశం వెళ్లిపోయింది. కుంచెలు నాకు వదిలిపోయింది. వాటితోనే నంద్యాలలో బతికాను. బోర్డులు రాసేంత చదువు లేదు గనుక మనుషుల్నే వేశాను, బతికున్నవాళ్లను చూసి, పోయినవాళ్లను ఫోటోలు చూసి. పాణ్యం నుంచి, గడివేముల నుంచి కూడా వచ్చి వేయించుకునేవారు. ముక్కు కొంచెం సన్నం చేయమన్నారు. ఒళ్లు కొంచెం తెల్లగా చేయమన్నారు. లేని మీసం పెట్టమన్నారు, లేని గొలుసు వేయమన్నారు. అడిగినదంతా చేశాను, అది నా పని. ముఖం తగ్గించి వెనుకనున్న రాయి కనపడేట్టు చేయమని అడిగింది మాత్రం ఇన్నేళ్లలో ఆయన ఒక్కడే.